ముందు తాడు

డునీడిన్
జనవరి ఆఖరు వారం

బ్లఫ్ రేవు మహారాణి, మా రిపెకా అక్క గారికి,

ఫోన్ చేస్తే "నువ్వు జోకులేసి జారిపోతావు, ఏదున్నా కాగితం మీద రాయి" అని టక్కున పెట్టేశావు. పద్నాలుగేళ్ళకే బడి ఎగ్గొట్టి ఆల్చిప్పల పడవెక్కినవాణ్ణి పట్టుకుని కాగితం అంటావేంటక్కా. సరే, రాస్తున్నా. అక్షరాలు వంకరగా కనబడితే నీ కళ్ళజోడు తుడుచుకో.

ముందు మంచి కబురు. మందెక్కించడం అయిపోయింది. పేగులో ఉన్న క్యాన్సర్ దరిద్రాన్ని కోసి పారేశారా, మిగిలిందేమన్నా ఉంటే ఆ సీసాల్లో విషం పెట్టి చంపారు. డాక్టరమ్మ ఫోటోలన్నీ తిప్పి తిప్పి చూసి "లోపల శుభ్రంగా ఉంది" అంది. "మా అక్క వంటిల్లు కంటేనా?" అన్నా. నవ్వలేదు. పెద్ద చదువుల్లో నవ్వడం ఎక్కడో మాన్పిస్తారనుకుంటా.

ఇప్పుడు అసలు సంగతి. ఈసారి తీతీ పిట్టల వేటకి దీవి మీదకి పోయేటప్పుడు ముందు తాడు నాదే. నాన్న పోయినప్పట్నించీ నాదే. పడవ రాయి దగ్గరకెళ్ళి అల పైకెత్తగానే తాడు పట్టుకుని ఎవడో ఒకడు దూకాలి కదా. ఆ ఒకడు నేనే. నీ కొడుకు మనాకి మంచోడే, కాదనను. కాకపోతే వాడు దూకే ముందు ఆలోచిస్తాడు. వాడి ఆలోచన అయ్యేదాకా అల ఆగదు.

పైగా మా తూయి మొదటిసారి వస్తోంది. ఇన్నేళ్ళూ వాళ్ళమ్మ దగ్గర బ్రిస్బేన్‌లో పెరిగి, నాకు జబ్బని తెలిసి ఉన్న ఉద్యోగం వదులుకుని వచ్చిన పిల్ల. ఇరవై మూడేళ్ళొచ్చాయి, బొరియలో చెయ్యి పెట్టి తీతీ పిల్లని పైకి తియ్యడం రాదు. నలుగురూ వింటే మన పరువేం కావాలి. నా కూతురికి నేనే నేర్పాలి.

నీ తుంటికి ఆపరేషన్ అయింది కాబట్టి నువ్వు ఈ ఏడు రేవులోనే ఉంటావట. మంచిది. దీవిలో మా రొట్టెలు ఈసారన్నా మెత్తగా ఉంటాయి.

కాబట్టి మహారాణి గారు ఎవరికే పనో చెప్పేటప్పుడు నా పేరు పక్కన "తాడు" అనవలెను.

నీ తమ్ముడు
హోహెపా

తా.క. వేళ్ళు కాస్త నిద్రపోతున్నాయి, అంతే. మందు వల్లట. లేస్తాయట.


బ్లఫ్
ఫిబ్రవరి మొదట్లో

ఒరే హోహెపా,

అంత ఉత్తరంలో నిజం ఉన్నది తా.క.లో. దాన్నే పట్టుకుని అడుగుతున్నా.

నిద్ర అంటే ఏంటి? చేతులేనా, కాళ్ళు కూడానా? ఆల్చిప్పల షెడ్డులో నా పక్కన పని చేసిన హేరా గుర్తుందా, దాని మరదలికి రొమ్ములో వస్తే ఇలాంటి మందే ఎక్కించారు. తర్వాత వేడి పెనం పట్టుకున్నా తెలిసేది కాదట. కమురు వాసన వస్తే అప్పుడు చెయ్యి తీసిందట. నేల మీద నడుస్తుంటే పరుపు మీద నడిచినట్టుందని ఏడ్చేది. నీకూ అలాగే ఉందా? చొక్కా బొత్తాలు పెట్టుకోగలుగుతున్నావా? కళ్ళు మూసుకుని నిలబడగలవా? జోకు వద్దు, అవునో కాదో చెప్పు.

నీకు తాడు ఇవ్వకూడదని నాకేం పంతం లేదు. కానీ రాయి మీదకి దూకేవాడు కాళ్ళతో చూసుకోవాలి. కళ్ళు అల మీద ఉంటాయి, రాయి సంగతి కాళ్ళకే తెలియాలి. ఈ ముక్క నాన్న చెప్తుంటే ఇద్దరం పక్క పక్కనే కూర్చుని విన్నాం. నువ్వు అబద్ధమాడితే దాని బరువు నువ్వు మొయ్యవురా. పడవలో కూర్చున్నవాళ్ళు మోస్తారు. ఈసారి అందులో నీ కూతురుంటుంది.

నెలాఖరుకి నిర్ణయం చెప్పాలి. నీ జవాబు కోసం చూస్తుంటా.

అక్క


డునీడిన్
ఫిబ్రవరి మధ్యలో

అక్కా,

పోలీసు స్టేషన్లో కూడా ఇన్ని ప్రశ్నలడగరు.

సరే విను. మందెక్కించే రోజుల్లో ఉండేది, లేదనను. ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. పాల డబ్బా తియ్యాలంటే ఉన్ని చేతితొడుగులు వేసుకునేవాణ్ణి. మా తూయి చూసి "నాన్నా, పాలు దొంగతనం చేస్తున్నావా" అనేది. చల్లటి నీళ్ళు తాగితే గొంతులో ముళ్ళు దిగేవి. బీరు కాచుకుని తాగాను అక్కా. ఇంతకంటే దీనమైన కథ నీకు ఎవరూ చెప్పరు.

అదంతా పోయింది. బొత్తాలా? బొత్తాలు పెట్టుకునేది పెళ్ళికొడుకులు. నేను టీషర్టుల్లోకి మారా. బూట్లకి లేసులు మానేసి పట్టీలవి కొన్నా, ఇప్పుడదే ఫ్యాషనట. కప్పులు మూడు పగిలిన మాట నిజమే, పిల్లి పడేసింది. కళ్ళు మూసుకుని నిలబడమన్నావు. ఎందుకక్కా, దేవుడెదురుగా వస్తున్నాడా?

ఇక్కడి నర్సు కూడా అచ్చం నీలాంటిదే. రోజూ పాదాలు అద్దంలో చూసుకోవాలట. బూటు వేసుకునే ముందు బోర్లించి దులపాలట. స్నానం నీళ్ళు చేత్తో కాదు, మోచేత్తో చూడాలట. నా పాదాలేమన్నా కొత్త పెళ్ళికూతురా, రోజూ ముఖం చూడ్డానికి?

రోజూ సముద్రం ఒడ్డు దాకా నడుస్తున్నా. కాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. కావాలంటే తూయిని అడుగు.

తాడు నాదే.

హోహెపా


బ్లఫ్
మార్చి మొదటి వారం

హోహెపా,

మీ ఇంట్లో పిల్లి లేదు.

తూయికి ఫోన్ చేశా. "నాన్న బాగానే ఉన్నాడత్తా" అంది. నేను అడగడం పూర్తికాకముందే అంది. నీ కూతురు కాబట్టి నీ అబద్ధాలు నేర్చుకుంటోంది, కానీ నీ అంత నేర్పు ఇంకా రాలేదు.

నాలుగు రోజులు ఆలోచించా. తాడు నీకే ఇస్తున్నా. నమ్మి కాదు. ఇవ్వకపోతే నువ్వు అసలు రావు. రాకపోతే అక్కడే గోడ చూస్తూ కూర్చుంటావు. తుంటి ఆపరేషన్ అయ్యాక నేనూ అలాగే కూర్చున్నా. ఆ గోడ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

రెండు షరతులు. రోజూ సాయంత్రం తూయి నీ పాదాలు చూస్తుంది. నువ్వు కాదు, తూయి. రెండోది, రాయి మీద ఒక్కసారి తడబడినా ఆ రోజే తాడు మనాకికి ఇచ్చేస్తావు. నాన్న మీద ఒట్టేసి వస్తావు.

దీవుల వాళ్ళు మాట్లాడుకునే రేడియోలో మళ్ళీ వేషాలు వెయ్యకు. ముందటేడు గొంతు మార్చి "ప్రభుత్వ తనిఖీ అధికారిని మాట్లాడుతున్నాను, పిట్టలు లెక్క పెట్టడానికి వస్తున్నాను" అన్నావు. పక్క దీవి టియోనె ముసలాయన వానలో సగం రోజు పిట్టలు నింపిన బకెట్లు వరసగా పెట్టుకుని నిలబడ్డాడు. నిన్నటికి నిన్న రేవులో కనబడి "మీ అధికారి తమ్ముడు ఎలా ఉన్నాడు" అన్నాడు. నవ్వలేదు.

బిడ్డ జాగ్రత్త.

అక్క


దీవి నుంచి
ఏప్రిల్ మూడో వారం

మహారాణి గారికి,

సరుకుల పడవ వచ్చింది, గంటలో వెళ్ళిపోతుందట, అందుకని గబగబా రాస్తున్నా. రేడియోలో చెప్పుకుందామంటే చుట్టూ ఉన్న దీవులన్నీ చెవులు రిక్కించుకుని కూర్చుంటాయి. నాకు దగ్గొస్తే అయిదు దీవుల వాళ్ళు మిరియాల కషాయం చెప్తారు.

దిగడం బాగానే దిగాం. దూకా. అల కూడా మర్యాదగానే ఉంది. రాయి మీద నాచు కాస్త ఎక్కువుంది ఈ ఏడు. ఎడమ కాలు ఎక్కడ పడిందో ఒకసారి వంగి చూసుకున్నా, ఆ లోపు తాడు కొంచెం వదులైంది, పడవ ముక్కు రాయికి తగిలింది. తూయి మోకాలు చెక్కుకుంది. చిన్నదే. దీవికి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా రాయికి కాస్త చర్మం ఇచ్చుకోవాల్సిందే కదా. ఇచ్చుకుంది.

దాన్ని తడబడడం అనరు. చూసుకోవడం అంటారు.

తూయికి పని బాగా పట్టుబడుతోంది. బొరియ ముందు బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి దూర్చేస్తుంది, చెంపంతా మట్టి. మొదటి పిల్ల చేతికి తగిలినప్పుడు "నాన్నా, వెచ్చగా ఉంది, గుండె కొట్టుకుంటోంది" అని గుసగుసగా చెప్పింది. నేను పక్కన కూర్చుని గురువు వేషం వేస్తున్నా. నా చేతికి ఈ ఏడు పెద్దగా పడట్లేదు. పిట్టలు తెలివి మీరాయి, ముసలాళ్ళ చెయ్యి వస్తే గోడకి అతుక్కుపోతున్నాయి.

నీ కొడుకు దిండు కింద చచ్చిన పీతని పెట్టా. రెండు రోజులు తన మేజోళ్ళే వాసనొస్తున్నాయనుకుని ఉతుక్కుంటూ కూర్చున్నాడు. మూడో రోజు తెలిసింది. "మామా, నీ పని చెప్తా" అన్నాడు. ఎదురు చూస్తున్నా.

రొట్టెలు మెత్తగా ఉన్నాయి.

హోహెపా


బ్లఫ్
ఏప్రిల్ ఆఖరు వారం

హోహెపా,

నీ ఉత్తరం వచ్చిన పడవలోనే మనాకి ఉత్తరం కూడా వచ్చింది. మోకాలు చెక్కుకుందని నువ్వు రాశావు. ఎముక కనిపించిందని వాడు రాశాడు. ఆసుపత్రి దగ్గరుంటే కుట్లు వేసేవాళ్ళట, లేదు కాబట్టి టేపు వేసి బిగించి కట్టాడట. పడవ ఇంకో జానెడు వెనక్కి జరిగి ఉంటే పిల్ల రాయికీ పడవకీ మధ్యలో పడేదట. ఇదంతా రాసి, చివర్న "మామ రోజంతా నవ్విస్తూనే ఉన్నాడు" అని కూడా రాశాడు. వాడికింకా అర్థం కాలేదు.

తూయి నాకు ఒక్క లైను రాసింది. "నాన్న అన్నం తినేటప్పుడు చెంచాని చూసుకుంటూ తింటున్నాడత్తా." అంతే. పాదాలు చూస్తానంటే నువ్వు మేజోళ్ళు విప్పవట.

ఒట్టేశావు కదా, ఇప్పుడు నిలబెట్టుకో. తాడు మనాకికి ఇచ్చెయ్. ఎందుకో వాడికి చెప్పు. నేను రేడియో తీసి ఒక్క మాటంటే అయిపోతుంది, కానీ అనను. యాభై రెండేళ్ళవాణ్ణి అక్క నలుగురిలో పట్టిచ్చిందంటే ఆ తర్వాత ఆ దీవుల్లో నువ్వు తలెత్తుకోలేవు. నీ నోటితో నువ్వే చెప్పుకోవాలి. మే నెలాఖర్న తిరుగు పడవ ఎక్కే లోపు చెప్పాలి. మళ్ళీ అదే రాయి, అదే తాడు. మేలో అల ఇంకా పెద్దది.

మనాకికి వేరే చీటీ పంపుతున్నా, అది నీకు సంబంధం లేనిది.

అక్క


దీవి నుంచి
మే నెల

అక్కా,

తాడు సంగతి మనాకికి ఇంకా చెప్పలేదు. ముందే ఒప్పుకుంటున్నా, తిట్టాల్సింది తిట్టేసుకో. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగా ఇంకోటి జరిగింది.

నిన్న పొద్దున బూట్లు తగిలించుకుని కొండ మీదకి పోయాం. రోజంతా తుంపర. మనాకి నన్ను వదల్లేదు. ఎటు పోతే అటు వస్తాడు, నా మొహంలోకి చూస్తాడు, పక్కకి తిరుగుతాడు.

"ఏంట్రా, నేనేమన్నా సినిమానా?" అన్నా.

"ఏం లేదు మామా. నీకేం లేదా?"

"నాకేముండాలి?"

"ఏం లేదులే."

మధ్యాహ్నం రొట్టె తింటుంటే మళ్ళీ మొదలెట్టాడు. "కాళ్ళు బాగున్నాయా మామా?"

"నీ కాళ్ళకంటే మేలేలే. నడుం వంచి ఆ నాలుగు బొరియలు చూసుకో."

సాయంత్రం షెడ్డుకొచ్చి బూటు లాగితే ఎర్రనీళ్ళు కారాయి. బోర్లిస్తే రాతికి పట్టుకుని ఉండే ఆ చిన్న చిప్పలుంటాయే, అలాంటిదొకటి పడింది. పగిలిపోయి అంచులు కత్తుల్లా ఉన్నాయి. చిటికెనవేలి కింద మొత్తం చీరేసింది. మేజోడు మాంసానికి అతుక్కుపోయింది.

మనాకి మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. "నేనే వేశా మామా. పీతకి బదులు. బూటు వేసుకోగానే గెంతుతావనుకున్నా. గెంతలేదు. ఆహా, నన్ను ఓడించాలని బిగబట్టుకుని నడుస్తున్నాడనుకున్నా."

"మరి గెలిచిందెవర్రా?" అన్నా.

వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వా. తూయి నవ్వలేదు.

అక్కా, పొద్దున్నించీ దాని మీదే నడిచా. కొండెక్కా, దిగా, బకెట్లు మోశా. నాకు తెలియలేదు.

ఈ పూట పడవ రావాల్సింది, రాలేదు. దక్షిణపు గాలి లేచింది. కాగితం పక్కన పెడుతున్నా.

*

పడవ ఇంకా లేదు. సముద్రం తెల్లగా మరుగుతోంది. ఇన్ని రోజులూ ఉప్పునీళ్ళతో కడిగి, మేజోడు వేసి దాచా. ఇప్పుడు పాదం బూటులో పట్టట్లేదు. ఎర్రదనం మడమ దాటి పిక్క మీదకి పాకింది. ఒళ్ళు కాలుతోంది. ఇంత జరుగుతున్నా ఆ వేలు మాత్రం ఏమీ అనట్లేదు, ఎవరి వేలో అన్నట్టు కూర్చుంది.

నువ్వడిగిన ప్రశ్నలకి ఇప్పుడు జవాబు రాస్తున్నా. జోకుల్లేవు.

బొత్తాలు పెట్టుకోలేను. కళ్ళు మూసుకుంటే పడిపోతాను. స్నానం చేసేటప్పుడు గోడకి వీపు ఆనించి తల రుద్దుకుంటాను. మణికట్టు కింద ఉన్నది నా చెయ్యి కాదు. బొరియలో పెడితే భుజానికి చల్లదనం తెలుస్తుంది, మోచేతికి మట్టి తెలుస్తుంది, వేళ్ళకి మాత్రం వేరూ, రాయీ, పిట్టా అన్నీ ఒకటే. మొదటి వారం ఒక పిల్లని పట్టుకున్నానో లేదో తెలియక గట్టిగా నొక్కేశా. పైకి తీసేసరికి పిండయిపోయి ఉంది. ఎవరూ చూడకుండా పాతిపెట్టా. ఆ తర్వాత తూయి వెనకాల కూర్చోవడం మొదలెట్టా.

పగలు మొద్దులా ఉండే ఈ పాదాలే పక్క మీద వాలితే నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. ఏమీ తెలియని చోట మంట ఎలా తెలుస్తుందో ఆ డాక్టరమ్మని అడిగా. నరాలు దెబ్బతిన్నాయి, తప్పుడు కబుర్లు పంపుతుంటాయి అంది. కొంత తగ్గొచ్చు, ఏడాది పట్టొచ్చు, ఇలాగే ఉండిపోవచ్చు కూడా అంది. ఆ చివరి ముక్క తూయికి చెప్పలేదు.

ఎందుకు దాచానంటావా. నాకున్నవేంటక్కా? చదువు లేదు. రెండు చేతులు, రెండు కాళ్ళు, ఒక నోరు. ఆ నాలుగూ పోయాయంటే ఇక మిగిలేది నోరొక్కటే. ఒట్టి నోటిని ఎవరు మోసుకెళ్తారు దీవికి?

ఇందాక తూయి వచ్చి అడక్కుండా దుప్పటి లాగేసింది. పాదం చూసింది.

"రేడియో దగ్గరకెళ్తున్నా" అంది.

"ఆగమ్మా. గాలి తగ్గాక పడవొస్తుంది."

"నెలాఖర్న ఆ రాయి మీద తాడు నువ్వే పట్టుకుందామనుకున్నావా?"

దుప్పటి మళ్ళీ పాదం మీదకి లాక్కున్నా.

"నేను ఎక్కేదాన్ని కాదు నాన్నా. నువ్వు పట్టుకుంటే నేను ఎక్కేదాన్ని కాదు. ఇది చెప్పడానికి నెల రోజుల్నించి నోరు రావట్లేదు నాకు."

అది మోకాలు పట్టుకుని కూర్చుంది. టేపు వేసిన మోకాలు.

"నువ్వు మాట్లాడకు, నేనే మాట్లాడతా" అన్నా. సాయంత్రం అన్ని దీవులూ పలకరించుకునే వేళకి రేడియో ముందు కూర్చుంటా. కాగితం మడిచి తూయికి ఇస్తున్నా. మొదట ఏ పడవొస్తే అందులో నీకు చేరుతుంది.

హోహెపా


బ్లఫ్
మే ఆఖర్లో

తమ్ముడూ,

నిన్ను డునీడిన్ తీసుకెళ్ళారని తూయి రేవు నుంచి నేరుగా ఇంటికొచ్చి చెప్పింది, నీ కాగితం నా చేతికిచ్చి మనాకితో మిగతా పని చూడ్డానికి మళ్ళీ దీవి పడవెక్కింది. ఈ తుంటితో అంత దూరం కారులో కూర్చోలేను. అందుకని రాస్తున్నా.

ఆ సాయంత్రం నేను విన్నా. వంటింట్లో రేడియో పెట్టుకుని బంగాళదుంపలు చెక్కుతున్నా. "అన్ని దీవులకీ, హోహెపాని" అన్నావు. అంతే, నవ్వులు మొదలయ్యాయి. ఒకడు "అధికారి గారొచ్చారు, బకెట్లు సర్దండర్రా" అన్నాడు. ఇంకొకడు "ఈసారి లెక్కెంత సార్" అన్నాడు. నువ్వు ఆగావు. నీకు ఆగడం వచ్చని నాకు తెలియదురా. నవ్వులన్నీ అయ్యేదాకా ఆగి, అప్పుడన్నావు. "నా చేతులకీ కాళ్ళకీ స్పర్శ లేదు. మందు వల్ల పోయింది. తెలిసి కూడా దాచి తాడు పట్టుకున్నా. నా కూతురికి దెబ్బ తగిలింది. ఇప్పుడు నా కాలు కుళ్ళుతోంది. మా రాయి దగ్గరకి ఎవరన్నా వచ్చి నన్ను దింపాలి."

మళ్ళీ ఎవరో నవ్వారు. సగంలో ఆపేశారు. తర్వాత గాలి చప్పుడొక్కటే. నా చేతిలో కత్తి అలాగే ఉంది. నేనే మాట్లాడదామని లేచా.

అప్పుడు టియోనె గొంతు వచ్చింది. "నాకూ అంతే" అన్నాడు. "నాలుగేళ్ళయింది. ఊపిరితిత్తికి ఎక్కించారు. నేను దూకడం మానేసి మోకాళ్ళ నొప్పులని చెప్పా మీ అందరికీ. నా మోకాళ్ళు బంగారంలా ఉన్నాయి." ఆ వెంటనే, "ఎర్రదనం ఎంత దూరం పాకింది" అన్నాడు.

"పిక్క దాకా" అన్నావు.

"మబ్బు దిగింది, హెలికాప్టర్‌కి దిగే వీలు లేదు. తెల్లవారగానే నేనొస్తున్నా. హోహెపా, నువ్వు గానీ ఆ తాడు ముట్టుకున్నావంటే సముద్రంలోకి తోసేస్తా."

దుంపలు అలాగే వదిలేసి కూర్చుండిపోయా.

ఇప్పుడు నా సంగతి. ఇది రాయడానికి రెండు కాగితాలు చింపా. ఆ చిప్ప మనాకి బుద్ధి కాదు. నా చీటీలో నేనే రాశా. "మీ మామ బూటులో ఒక గులకరాయి వెయ్యి, పీతకి బదులు తీరుతుంది. గెంతితే సరే. గెంతకపోతే వెంటనే నాకు చెప్పు" అని. ఎందుకో వాడికి చెప్పలేదు. చెబితే నీ గుట్టు బయటపెట్టినట్టవుతుందనుకున్నా. గుండ్రటి గులకరాయి అనే రాశాను. వాడు నిజంగా ఆటే అనుకుని, రాయైతే ఏం మజా అని చిప్ప వేశాడు. నువ్వు గెంతకపోతే గెలిచావనుకున్నాడు. వాడి తప్పేం లేదు.

నోరు తెరిచి అడగాల్సిన దాన్ని ఆటతో తెలుసుకుందామనుకున్నా. నీ మీద నీ పద్ధతే వాడా. దానికి నీ కాలు ఖర్చయింది. వేలు తీసెయ్యాలన్నారట కదా. నువ్వు ఏమన్నా పడతా. ఏమీ అనకపోతే అది పడలేను.

రిపెకా


డునీడిన్ ఆసుపత్రి
జూన్ మొదటి వారం

గులకరాళ్ళ మహారాణి గారికి,

వేలు తీసేశారు. చిటికెనవేలే, పెద్దగా పని చేసింది కూడా ఏం లేదు యాభై రెండేళ్ళలో. మిగిలిన కాలు దక్కింది. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. కట్టు మార్చేటప్పుడు నర్సు "నొప్పుంటే చెప్పు" అంది. "అది చెప్పలేకే కదమ్మా ఇక్కడికొచ్చా" అన్నా. నవ్వింది. పెద్ద చదువుల్లో కూడా అందరినీ పాడు చెయ్యరు.

నువ్వు రేడియోలో విననిది ఒకటుంది, అది చెప్తా.

తెల్లారి టియోనె తన చిన్న పడవేసుకుని మన రాయి దగ్గరకొచ్చాడు. అల ఇంటి కప్పంత లేస్తోంది. తాడు ఎవరు పట్టాలని నేను అడగనే లేదు. మనాకి నన్ను భుజాన వేసుకుని కిందకి దింపేసరికి తూయి అప్పటికే రాయి మీద నిలబడి ఉంది, కాళ్ళు ఎడంగా పెట్టి, తాడు నడుం చుట్టూ తిప్పుకుని. మోకాలి టేపు ఊడి వేలాడుతోంది. నేను ఏ పాదం ఎక్కడుందో చూసుకోవడానికి కిందకి వంగా.

"నాన్నా, కిందకి చూడకు. నన్ను చూడు. నేను చెప్తా" అంది.

చూశా. అల లేచింది, పడింది, మళ్ళీ లేచింది. అది అలనే చూస్తోంది, దాని కాళ్ళు రాయిని చూసుకుంటున్నాయి. నాన్న చెప్పినట్టే, అచ్చం అలాగే. దానికి ఎవరూ చెప్పలేదు అక్కా, నేను కూడా చెప్పలేదు.

"ఇప్పుడు" అంది.

అడుగేశా. నా కింద ఏముందో నాకు తెలియదు. పడవే ఉంది.

నా వెనకే తాడుతో సహా తూయి దూకింది. టియోనె ఎదురుగా కూర్చుని సగం దారి దాకా అలల మీదే చూపు పెట్టి పడవ నడిపాడు. తర్వాత తన బూటు విప్పి చూపించాడు. లోపల తెల్ల గుడ్డ కుట్టించుకున్నాడు, నెత్తురొస్తే కనబడాలని. "రోజూ దులుపుతా, రోజూ చూస్తా. మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు" అన్నాడు. "ఇప్పుడు అయిదు దీవులకి తెలుసు" అన్నా. "నీ వల్లే, వెధవా" అన్నాడు. బూటు తొడుక్కుంటూ, "ఆ బకెట్ల సంగతి మాత్రం నేను మర్చిపోను" అన్నాడు.

వచ్చే ఏడు ముందు తాడు తూయిది. నేను షెడ్డులో పొయ్యి చూసుకుంటా. మోచేత్తో నీళ్ళు చూడ్డం నేర్చుకున్నా, నీకంటే మెత్తగా రొట్టెలు చేస్తా. నోటిని మోసుకెళ్ళడానికి ఒప్పుకున్నారు మనవాళ్ళు, ఓటేసి మరీ.

ఇక నీ సంగతి. గులకరాయి అన్నావు, చిప్ప పడింది. పుట్టినప్పట్నించీ నువ్వు నా మీద వేసిన ఆట ఇదొక్కటే, అది కూడా ఇంకొకడి చేత వేయించావు, అది కూడా తప్పుగా వేయించావు. ఇంత చేతకాని మనిషివనుకోలేదు. ఏమన్నా పడతానన్నావు కదా, అన్నా. అయిపోయింది.

ఆ చిప్ప పడకపోతే నేను చెప్పేవాణ్ణి కాదు. అడిగినా చెప్పలేదు కదా. నెలాఖర్న ఆ రాయి దగ్గర తూయి పడవలో ఉండగా తాడు నా చేతిలో ఉండేది. ఇప్పుడు దానికి రెండు కాళ్ళూ ఉన్నాయి, నాకు ఒక వేలు లేదు. ఈ లెక్క నాకు బాగానే ఉంది.

శనివారం పంపిస్తున్నారు. మనాకి కారులో దింపుతాడు, కొన్నాళ్ళు మీ ఇంట్లోనే ఉంటా. పొద్దున్నే బూట్లు బోర్లించి దులుపుకోవడం అలవాటు చేసుకున్నా.

నువ్వు కూడా నీ చెప్పులు దులుపుకోవడం మొదలెట్టక్కా. నేనొస్తున్నా.

నీ తమ్ముడు
హోహెపా